తెలుగు తీరపు వసంత పుష్పములు : నక్కవుల్లి, బదనిక

చైత్ర వైశాఖములు వసంత ఋతువు. తూర్పు కనుమల యందు చెట్లు ఆకు రాల్చి చివుళ్లు తొడుగు ఈ కాలమున, మామిడిపూతవలె కవుల కంటబడని రెండు తెగల పూలు పూయనారంభించును. నేలలోని గడ్డల నుండి వెలువడునవి కొన్ని. చెట్టుకొమ్మల నంటి పెరుగు ఆర్కిడ్డులు కొన్ని. ఈ పూలు శాస్త్రగ్రంథముల కెక్కిన చరిత్రలో గోదావరి ముఖద్వారమునకును, యానాము, గంజాము సీమలకును సంబంధము కలదు.

నక్కవుల్లి లేక అడవియుల్లి యనబడు గడ్డ వేసవి తొలినాళ్లలో ఎండిన నేల నుండి ఒంటికాడను పైకి పంపును. దానిపై వెలసిన గోధుమవన్నె పూలు చిన్న గంటలవలె వ్రేలాడును. అప్పటికి ఆకు ఒక్కటియు నుండదు. వానలు పడిన పిమ్మట ఆకులు వచ్చును. అప్పుడు పూవు జాడ కానరాదు. అడవికందయు తొలకరివేళ నిట్లే ముందు పూచి, తరువాత ఆకు వేయును. ఒక ఋతువున వచ్చిపోవు బాటసారికి ఆ పూవును ఈ ఆకును ఒకే మొక్కవని తెలియు మార్గము లేదు. ఏడాది పొడవునను అచట బ్రతుకువానికే అది తెలియును. విడివిడిగా కనబడు పూవును ఆకును ఒక్కటిగా పట్టియుంచినది అట్టివారు పెట్టిన పేరు.

కొమ్మల నంటి పెరుగు మొక్కను తెలుగువారు బదనిక లేక వదనిక యందురు. చెట్టు రసమును పీల్చి బ్రతుకు మొక్కకును, చెట్టును ఊతగా మాత్రము గొను ఆర్కిడ్డునకును ఈ పేరు చెల్లినది. ఆర్కిడ్డు చెట్టునకు హాని చేయదు. గాలిలో వ్రేలాడు వేళ్లతో వాననీటిని, మంచుతేమను గ్రహించును. సంస్కృతమున ఇట్టి మొక్కకు వందా యని పేరు. సర్ విలియం జోన్సు వ్రాసిన వర్ణన 1795లో అచ్చు కాగా, ఆ పేరే లాటినున ఒక ఆర్కిడ్డు ప్రజాతికి నామమయ్యెను.

ఈ పూలను శాస్త్రదృష్టితో పరిశీలించిన తొలివారిలో యోహాన్ గెర్హార్డ్ కేనిగ్ ముఖ్యుడు. లిన్నేయసు శిష్యుడైన ఇతడు 1768లో తరంగంబాడికి వైద్యుడుగా వచ్చి, పదునేడేండ్లు తూర్పుతీరమునను, ఇతర దేశములందును మొక్కలను వెదకెను. 1785లో కాకినాడ చెంత జగన్నాథపురమున మరణించెను. ఆర్కిడ్డులపై అతడు వ్రాసిన వర్ణనలు మరణానంతరము 1791లో, రెట్జియసు అను పండితుని గ్రంథమున వెలువడినవి.

కేనిగ్ మిత్రుడు విలియం రాక్సుబర్గు 1781 నుండి సామర్లకోటలో నివసించెను. 1787లో కోరంగి ప్రాంతమును ముంచిన ఉప్పెనలో, ఫ్రెంచివారి యానామునకు సమీపముననున్న ఇంజరమున, అతని పుస్తకములును, ఎండబెట్టి దాచిన మొక్కలును చాలవరకు నశించెను. కాగితముల నడుమ దాచినది సముద్రము పాలైనది. అడవిలో గడ్డ మిగిలినది. కొమ్మపై బదనిక మిగిలినది. ఏ మొక్క ఎచట ఎప్పుడు పూయునో ఎఱిగిన జనులు మిగిలిరి. పోయిన దానిని మరల కూర్చుటకు వీనికంటె వేఱు ఆధారము లేదు.

1793లో కలకత్తా వనమునకు అధిపతిగా వెళ్లువఱకును రాక్సుబర్గు ఈ తీరమున పనిచేసెను. భారతీయ చిత్రకారులను నియమించి సజీవములైన మొక్కలను చూచి బొమ్మలు వ్రాయించెను. ‘కోరమాండలు తీరపు మొక్కలు’ అను గ్రంథము 1795 మొదలు మూడు సంపుటములుగా, 300 చిత్రములతో లండనున ప్రకటితమైనది. మొదటి సంపుటమున 42వ చిత్రము బదనికది. రేకులపై గళ్లు గళ్లుగా నుండుటచేత దానికి ‘టెస్సెల్లాటం’ అని పేరిడెను. నక్కవుల్లికి అతడిచ్చిన ‘స్కిల్లా ఇండికా’ అను పేరు 1832లో శ్రీరామపురమున అచ్చయిన ‘ఫ్లోరా ఇండికా’లో కలదు. తన వర్ణనలలో దేశీయనామములను, ‘తెలింగ’ అను గుర్తుతో తెలుగు పేళ్లను అతడు చేర్చెను. ఆ పేళ్లను చెప్పినవారి పేళ్లు మాత్రము గ్రంథమున లేవు. బొమ్మలు వ్రాసినవారి పేళ్లును లేవు.

ఉత్తరమున 1,501 మీటర్ల ఎత్తుగల మహేంద్రగిరితో గంజాము సీమ ఆనాడు మద్రాసు రాజధానిలోనిది. అందుచేత గాంబులు ఆరంభించిన ‘మద్రాసు రాజధాని వృక్షసంపద’ యందు గంజాము కొండల మొక్కలును చేరినవి. 1928లో వెలువడిన దాని ఆర్కిడ్డుల భాగమును ఫిషరు రచించెను. ఆ గ్రంథము పూర్తియైన 1936లోనే గంజాము ఒడిసాలో కలిసినది. పాలనాసీమలు మారినను, ఆ కొండల పూలు నేటికిని ఆ పాత గ్రంథముననే దక్షిణాది పూలతో కూడియున్నవి. పర్లాకిమిడి, బరంపురము తెలుగు కుటుంబముల గతియు ఇట్టిదే.

లాటిను పేళ్లు పలుమాఱులు మారినవి. 1832నాటి స్కిల్లా 1843లో అర్జీనియా యయ్యెను. 1977లో డ్రిమియా యయ్యెను. నక్కవుల్లి నక్కవుల్లిగనే యున్నది. అయినను వేళ్ల కొఱకు బదనికను పెఱికినచో కొమ్మపై పూవుండదు. పూవు లేనిచోట పేరును నిలువదు. గంజామునను, యానామునను, ఇతర సీమలందును చిరకాలముగ నున్న తెలుగువారు వసంతమున ఈ పూలను పూచినచోటనే చూచి, పెద్దలనోట నున్న పేరును, స్థలమును, మాసమును వ్రాసి యుంచవలెను. రెండు శతాబ్దముల క్రిందట పేరు చెప్పినవాని ఊరు పేరు వ్రాయబడలేదు. ఈ మాఱు అదియు వ్రాయుట న్యాయము.