పుంగనూరు దారిలో వచ్చిన సువార్త

కోలారు జిల్లాలో క్రైస్తవం అనగానే చాలామందికి కేజీఎఫ్ గనులూ, దొరల బంగళాలూ గుర్తుకొస్తాయి. అక్కడ జాన్ టేలర్ కంపెనీ అడుగుపెట్టింది 1880లో. ఈ సీమలో సువార్త వినబడింది అంతకు నూట డెబ్బై ఏళ్లకు పైగా ముందు. తెచ్చినవాళ్లు ఫ్రెంచి జెసూట్ గురువులు. వాళ్లు ఇక్కడి జనంతో మాట్లాడింది తెలుగులోనే.

కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకాలోని గౌనిపల్లి ఆంధ్ర పొలిమేరకు దగ్గరి ఊరు. తూర్పుకు వెళ్తే మదనపల్లె, పుంగనూరు వస్తాయి. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో ఇక్కడ రాష్ట్రాల సరిహద్దులు ఎక్కడివి? పాళెగాళ్ల సంస్థానాలుండేవి. పుదుచ్చేరి నుంచి బయల్దేరిన జెసూట్ల కర్నాటక మిషన్ ఈ సంస్థానాల గుండానే పడమటికి నడిచింది. పుంగనూరులో ఫాదర్ ద లా ఫోంతేన్ మకాం పెట్టాడు. ఫాదర్ లె గాక్ 1709 జనవరిలో స్వదేశానికి ఉత్తరం రాసింది చిన్నబళ్లాపురం నుంచి, అంటే నేటి చిక్కబళ్లాపురం నుంచి. 2007 దాకా అది కోలారు జిల్లాలోనే ఉండేది.

వాళ్ల బతుకు చూస్తే ఆశ్చర్యమేస్తుంది. కాషాయం కట్టారు. మాంసం, చేప, గుడ్డు మానేసి అన్నం, ఆకుకూరలతో సరిపెట్టుకున్నారు. మదురైలో 1606 నుంచి రాబర్టో డి నోబిలి నడిచిన బాట అది. సన్యాసి వేషంలో వస్తేనే పెద్దకులాల వాకిళ్లు తెరుచుకుంటాయని వాళ్ల నమ్మకం. అయినా వైష్ణవ దాసరుల నుంచి గట్టి ప్రతిఘటన ఎదురైంది.

ఆ వేషానికి మూల్యం కూడా ఉంది. పెద్దకులాల గౌరవం నిలుపుకోవడానికి గురువులు అంటరానివాళ్లను దూరంగా ఉంచాల్సి వచ్చింది. అందరూ ఒక్క తండ్రి బిడ్డలని చెప్పే మతం గడప దగ్గరే మనుషుల్ని వేరుచేయడం బాధాకరమైన చరిత్ర. 1704లో పోప్ ప్రతినిధి టూర్నన్ పుదుచ్చేరిలో ఈ ఆచారాలను తప్పుపట్టాడు. తగవు నలభై ఏళ్లు నడిచి, 1744లో పోప్ ఆజ్ఞతో తేలింది.

1773లో జెసూట్ సభనే పోప్ రద్దు చేశాడు. పారిస్ మిషన్ వాళ్లు ఆ బాధ్యత తీసుకున్నారు గానీ, యుద్ధాలతో సీమ చితికిపోయింది. రాయలసీమ క్రైస్తవ కుటుంబాలు కొన్ని గుంటూరు వైపు తరలిపోయాయి.

రెండోసారి సువార్త వైద్యం వెంట, కరువు వెంట వచ్చింది. 1863లో అమెరికా ఆర్కాట్ మిషన్ డాక్టర్ జేకబ్ చాంబర్లేన్ మదనపల్లెలో కేంద్రం పెట్టి, తెలుగులో బోధిస్తూ మందులిచ్చాడు. తర్వాత 1876–78 కరువు విరుచుకుపడింది. మైసూరు సంస్థానంలో 1871లో యాభై లక్షలు దాటిన జనాభా 1881 నాటికి నలభై రెండు లక్షలకు పడిపోయింది. అన్నం పెట్టే దిక్కులేని పిల్లలను చేరదీసి మిస్ ఆన్‌స్టే అనే మిషనరీ కోలారులో అనాథాశ్రమం నడిపింది. 1890లో దాన్ని అమెరికన్ మెథడిస్టులకు అప్పగించింది. ఆ పిల్లల్లో చాలామందికి క్రైస్తవం అంటే మొదట ఒక గిన్నెడు గంజే అయివుంటుంది. దాన్ని చిన్నచూపు చూసే హక్కు కడుపు నిండినవాళ్లకు లేదు.

1910లో మెథడిస్టులు కోలారులో ఎలెన్ థోబర్న్ కోవెన్ స్మారక ఆస్పత్రి తెరిచారు. అప్పటికే గనుల్లోకి ఉత్తర ఆర్కాటు తమిళులు, చిత్తూరు తెలుగువాళ్లు దిగుతున్నారు. వాళ్లలో అంటరానివాళ్లుగా ముద్రపడ్డ కులాలవాళ్లే ఎక్కువ. గనుల ఊళ్లలో చర్చిలు లేచింది వాళ్ల లైన్ ఇళ్ల పక్కనే.