ఫ్రీ సోలార్ కథ

ఎండ ఫ్రీ. ప్యానెళ్లు ఫ్రీ కాదు. ఈ చిన్న తేడాని దాచి అమ్మడం ఈనాటిది కాదు లెండి.

1978లో, కార్టర్ హయాంలో, ఇంటికి సోలార్ పెట్టించుకున్నవాళ్లకి అమెరికా ప్రభుత్వం పన్ను రాయితీ ఇచ్చింది. 1980లో దాన్ని 40 శాతం చేశారు. అప్పట్లో ఎక్కువగా అమ్ముడుపోయినవి నీళ్లు కాచే హీటర్లు. మంచి కంపెనీలతో పాటు రాయితీ కోసమే పుట్టినవీ వచ్చాయి. 1985 చివర్లో రాయితీ ఆగింది, చాలా కంపెనీలు మూతబడ్డాయి. పాడైన హీటరు బాగుచేయమంటే పలికే దిక్కు లేదు.

2006లో 30 శాతం రాయితీతో కథ మళ్లీ మొదలైంది. ఈసారి మా ఐసెలిన్‌లో తలుపు తట్టేవాళ్లకి మనవాళ్లూ తోడయ్యారు. "అన్నా, నా కరెంటు బిల్లు సగమైంది, నువ్వూ పెట్టించు" అంటాడు స్నేహితుడు. ఇది సలహానా, ప్రకటనా? మనం చేరితే అతనికేమైనా ముడుతుందా? అడగాలంటే మొహమాటం. డబ్బు తీసుకుని మెచ్చుకునేవాడు ఆ సంగతి చెప్పి తీరాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లో స్పష్టం చేసింది. స్నేహంలో ఆ రూలు ఎవరికి గుర్తుంటుంది?

"ఫ్రీ" అంటే చాలాసార్లు 20, 25 ఏళ్ల లీజు అన్నమాట. ప్యానెళ్లు కంపెనీవి, వాటి మీద రాయితీ కూడా కంపెనీదే. సొంతంగా కొనుక్కునేవాళ్ల రాయితీ 2025తో ముగిసింది.

ఇండియాలో 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం పేరులోనూ "ముఫ్త్" ఉంది. 3 కిలోవాట్లకి సబ్సిడీ 78,000 రూపాయలు, మిగతాది మన జేబులోంచే. ఊళ్లో అమ్మానాన్నలు సంతకం పెట్టేముందు రెండు ప్రశ్నలు అడగమనండి: చెప్పేవాడికి ఎంత ముడుతుంది? పదేళ్ల తర్వాత పాడైతే ఎవరొస్తారు?