ఉమ్మడి మెయిల్ ఫోల్డర్లు: హక్కులు, చెత్త మెయిల్

ఒకే మెయిల్ ఫోల్డరును పలువురు వాడేటప్పుడు ఎవరికెంత అధికారమో సర్వరు అక్షరాలతో నిర్ణయిస్తుంది. ఐమ్యాప్ (మెయిల్‌ను సర్వరులోనే ఉంచి చదివే పద్ధతి) సర్వర్ల కోసం 1997లో వచ్చిన ఈ అక్షరాల ప్రమాణాన్ని 2005లో సవరించారు. ఆర్ చదవడానికి, ఐ ఉత్తరం చేర్చడానికి, ఏ హక్కులు మార్చడానికి. పాత ప్రమాణంలో తొలగింపంతా డి చేతిలోనే ఉండేది. కొత్తదానిలో టి తొలగింపు గుర్తు పెడుతుంది, ఇ శాశ్వతంగా తీసేస్తుంది.

చెత్త మెయిల్‌తో చిక్కంతా పి అనే అక్షరం దగ్గరే. అది ఫోల్డరు చిరునామాకు మెయిల్ పంపే హక్కు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన సైరస్ సర్వరులో బయటి ఉత్తరాలు నేరుగా ఫోల్డరుకు చేరాలంటే దీన్ని ‘అందరికీ’ ఇవ్వాలి. ఆ ద్వారంలోంచే చెత్తా వస్తుంది. చదివే హక్కు మాత్రమే ఉన్నవారు చెత్తను చూడగలరు, తరలించలేరు. అందుకే వడపోత ఫోల్డరుకు ముందే జరగాలి.