నిట్రాడు నుంచి స్లాబు దాకా: నర్సీపట్నం సీమలో పసిపిల్లల ఇల్లు

నర్సీపట్నం ప్రాంతంలో పసిపిల్లల కోసమే ఒక ఇల్లు కట్టడమనేది గత శతాబ్దపు చివరి దశాబ్దాలలో వచ్చిన పద్ధతి. కర్రతో ఇల్లు కట్టడం మాత్రం ఎన్నటిదో చెప్పలేనంత పాతది. పిల్లల ఇల్లు అవసరమైన నాటికి కర్ర ఊరివాళ్ల చేయి దాటిపోయింది, దాని చోటికి సిమెంటు వచ్చింది. మైదానానికీ మన్యానికీ నడుమ వాకిలిలాంటి ఊరు కావడంతో ఈ మార్పు ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు నర్సీపట్నం అనకాపల్లి జిల్లాకు వచ్చింది. దాని పైనున్న చింతపల్లి, గూడెం కొత్తవీధి, కొయ్యూరు అల్లూరి సీతారామరాజు జిల్లాకు వెళ్లాయి. ఇళ్ల చరిత్రకు మాత్రం ఈ హద్దు పట్టదు. కలప ఎప్పుడూ పైనుంచి కిందికే దిగింది.

ఇక్కడి పాత ఇంటికి బలం గోడలో లేదు, నిట్రాడులో ఉంది. ఇంటి నడుమ నిట్రాడు పాతి, చుట్టూ గుంజలు నిలబెట్టి, వాటి తలల మీద దూలాలు ఎక్కించి, అక్కడి నుంచి చూరు దాకా వాసాలు దించేవారు. వాసాలకు అడ్డంగా వెదురు బద్దలు కట్టి పైన రెల్లుగడ్డో తాటాకో కప్పేవారు. స్థోమత ఉన్నవారు పెంకు వేయించేవారు. కప్పు పడ్డాకనే గోడ. గుంజల మధ్య తడిక అల్లి, రెండు వైపులా మట్టి మెత్తి, పేడతో అలికితే గోడ తయారు. ఆ గోడ బరువు మోయదు. ఎండనూ చలినీ చూపునూ ఆపుతుంది, అంతే. అందుకే వానకు గోడ కరిగినా ఇల్లు కూలేది కాదు, మళ్లీ మెత్తుకుంటే సరిపోయేది. ఉత్తరాంధ్ర తీరానికి పేరు తెచ్చిన చుట్టిల్లు పద్ధతి వేరు. అందులో గుండ్రటి మట్టిగోడే బరువు మోస్తుంది. కప్పు దాదాపు నేలను తాకేంత కిందికి దిగుతుంది కాబట్టి తుపాను గాలికి దాన్ని ఎత్తి విసరడానికి పట్టు దొరకదు.

కర్ర ఎంపికలో ఎంతో తెలివిడి ఉండేది. మైదానపు పల్లెల్లో ముదురు తాటిచెట్టును చీల్చి దూలాలూ వాసాలూ తీసేవారు. మన్యం అంచుల్లో మద్ది, వేగిస, దొరికితే టేకు. మన్యంలో కొండకమ్మరులు ఇనుప పనీ వడ్రంగమూ రెండూ చేసేవారు. మేకు వాడకుండా, ఒక కర్ర చివరను సన్నగా చెక్కి రెండో కర్ర బెజ్జంలోకి కొడతితో దిగ్గొట్టడం, ఆ కూడలి వదులు కాకుండా కర్రచీల బిగించడం పనిమంతుల విద్య. నేలలోకి దిగే చివరను నిప్పుల్లో కాల్చి నల్లబరచడం చెదలకు పాత విరుగుడు. అయినా చెదలు వచ్చేవి. గడ్డికప్పులకు వేసవిలో నిప్పు అంటుకునేది. ఈ రెండు భయాలూ నిజమైనవే, తర్వాతి కథలో వాటి పాత్ర చిన్నది కాదు.

ఆ ఇంట్లో చంటిబిడ్డ చోటు దూలం కిందే. పాత చీరను దూలానికి కట్టి ఉయ్యాల వేసి, పొలానికి వెళ్లే తల్లి బిడ్డను నాయనమ్మకో పెద్ద కూతురికో అప్పగించేది. పిల్లల సంరక్షణకు వేరే ఇల్లు అక్కర్లేకపోయిందంటే కారణం ఆ పెద్దలు, ఆ దూలం. ఉయ్యాలలో ఊగే బిడ్డ బరువుకు తట్టుకోవడమన్నది దూలం గట్టితనానికి ఇంటివాళ్లు రోజూ పెట్టే పరీక్ష కూడా.

కలప మీద ఊరి హక్కు తెగిపోవడం 19వ శతాబ్దంలో మొదలైంది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవులు రిజర్వులయ్యాయి, పోడుకు అడ్డు పడింది, గుంజ కొట్టుకోవడానికి కూడా అనుమతి కావలసి వచ్చింది. దీనికి తోడు నర్సీపట్నం నుంచి కొండల మీదికి రోడ్డు వేసే పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులతో సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. అల్లూరి సీతారామరాజు నడిపిన తిరుగుబాటుకు ఈ రెండూ ముఖ్య కారణాలు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. 1924 మే 7న రాజు మరణించాడు. ఆయన సమాధి నర్సీపట్నానికి దగ్గరలోని కృష్ణదేవిపేటలో ఉంది. ఆ పోరాటాన్ని తుపాకుల కథగా చెప్పుకోవడం అలవాటైంది గాని, దాని వెనుక ఇంటికి కావలసిన కర్ర, పొయ్యికి కావలసిన పుల్ల, పోడు చేసుకునే కొండవాలు ఉన్నాయి. స్వాతంత్య్రం తర్వాత 1967లో ఆంధ్రప్రదేశ్ తన సొంత అటవీ చట్టం చేసుకుంది; పర్మిట్టూ డిపో పద్ధతీ మాత్రం కొనసాగాయి. మైదానంలో ఇల్లు కట్టుకునేవాడు కలప అడితికి వెళ్లి అడుగుల లెక్కన కొనవలసిందే.

పిల్లల బడి ఆలోచన మరో దారిన వచ్చింది. తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో పల్లె పిల్లల కోసం బాలవాడీ మొదలుపెట్టారు. పిల్లలు బడికి రాకపోతే బడే వాళ్ల వాడకు వెళ్లాలన్నది ఆమె పద్ధతి. ఆ ముంగిలి బడికే అంగన్‌వాడీ అని పేరు. అంగణమంటే ముంగిలి కదా. 1957లో ఆమె పని కోస్‌బాడ్ కొండ మీది ఆదివాసుల మధ్యకు మారింది. తెలుగువారిలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలై, బాలవాడీలు నడిపే సంస్థలకు గ్రాంట్లు అందే ఏర్పాటు చేశారు. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం దేశమంతటా 33 ప్రాజెక్టులలో, 4,891 అంగన్‌వాడీ కేంద్రాలతో ప్రారంభమైంది. నేడు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 55 వేలకు పైగా కేంద్రాలున్నాయి.

ముంగిలి పేరు పెట్టుకున్న ఈ పథకం మొదట్లో భవనాల గురించి పెద్దగా ఆలోచించలేదు. చోటు ఊరే ఇవ్వాలన్నది భావన. రచ్చబండ పక్క గది, బడి వరండా, కార్యకర్త ఇంటి పంచ, అద్దె గుడిసె, ఏది దొరికితే అదే కేంద్రం. మన్యంలో ఎన్నో కేంద్రాలు పైన చెప్పిన కర్ర ఇళ్లలోనే నడిచాయి. అంటే ఈ సీమలో కర్ర చట్రం మీద నిలిచిన పిల్లల బడి నిజంగానే ఉండేది. దాన్ని బడి కోసమని ఎవరూ కట్టలేదు కాబట్టి భవనాల లెక్కలోకి రాలేదు.

1991 తర్వాత ప్రపంచ బ్యాంకు రుణంతో ఆంధ్రప్రదేశ్, ఒడిశాలలో నడిచిన ప్రాజెక్టు కొంత సొంత భవనాల నిర్మాణానికి డబ్బు తెచ్చింది. 2011లో కేంద్ర ప్రభుత్వం కొలతలు చెప్పింది: కనీసం 600 చదరపు అడుగులు, పిల్లలకూ తల్లులకూ కూర్చునే గది, వేరే వంటగది, సరుకుల గది, పిల్లల ఎత్తుకు తగిన మరుగుదొడ్డి, ఆటస్థలం. ఉపాధి హామీ నిధులను కలిపాక ఒక్కో భవనానికి మొదట 7 లక్షల రూపాయలు, తర్వాత 12 లక్షలు అంచనాగా నిలిచాయి. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ పథకం కొండరెడ్లు, గదబలు, పోర్జలు, ఖోండులు వంటి అత్యంత వెనుకబడిన గిరిజన తెగల ఆవాసాలకూ అంగన్‌వాడీ భవనాలను చేర్చింది.

ఈ భవనాలన్నీ సిమెంటువే. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన తర్వాత తీరాంధ్రలో 'పక్కా ఇల్లు' అన్న మాటకు స్లాబు అనే అర్థం స్థిరపడింది. ప్రాణాలు పోయిన చోట ఆ కోరికను తప్పు పట్టలేం. పని చూసే తీరు కూడా దానికి తగ్గట్టే మారింది. బేస్‌మెంట్ లెవెల్, లింటెల్, రూఫ్ లెవెల్, స్లాబు: మేస్త్రీ ఒక్కో మెట్టు దాటితే ఇంజనీరు కొలుస్తాడు, బిల్లు కదులుతుంది. ఇందులో కప్పు చివరికొస్తుంది. బిల్లు ఆగి గోడల దగ్గర పని నిలిచిపోతే పిల్లలకు ఆ కట్టడం ఏ రకంగానూ పనికిరాదు. వానకు తడిసే ఇటుకలు, పైకి పొడుచుకొచ్చి తుప్పు పట్టే ఊచలు మిగులుతాయి. కర్ర చట్రంలో వరస తిరగబడుతుంది. నిట్రాడు లేచి కప్పు పడిన నాటికే నీడ సిద్ధం. గోడలు లేకపోయినా పిల్లలు కింద కూర్చోవచ్చు, వడ్రంగి వానాకాలంలో కూడా లోపల పని చేసుకోవచ్చు. కొండ మీది గూడేనికి ఇసుక, కంకర, ఇనుము మోసుకెళ్లే ఖర్చు చూసినా ఈ తేడా చిన్నది కాదు.

ప్రభుత్వ నిర్మాణంలో కలపకు తలుపు మూసినవి మరో రెండు నిర్ణయాలు. 1993లో కేంద్ర ప్రజాపనుల శాఖ తన భవనాల్లో కలప వాడకాన్ని నిషేధించింది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఆమోదిత ప్రణాళిక లేని నరుకుడును ఆపి, అనుమతి లేని సామిల్లులను మూయించింది. తరిగిపోతున్న అడవికి ఆ రక్షణ అవసరమే. ప్రజాపనుల శాఖ తన నిషేధాన్ని 2020లో ఎత్తేసింది. పెంచి కోసిన కలప సిమెంటు కంటే వాతావరణానికి మేలన్నది అప్పటికి చాలామంది ఒప్పుకున్న మాట. జపాన్ 2010లోనే ప్రభుత్వ భవనాల్లో కలపను ప్రోత్సహించే చట్టం చేసింది. అక్కడ పిల్లల బడులను కర్ర చట్రంతో కట్టడం మామూలు.

2006 అటవీ హక్కుల చట్టంలో ఈ కథకు నేరుగా తగిలే నిబంధన ఒకటుంది. అడవి భూమిలో కట్టుకోదగిన ఊరి సౌకర్యాల జాబితాలో బడి, ఆసుపత్రులతో పాటు అంగన్‌వాడీ పేరూ రాశారు. గ్రామసభ సిఫారసు ఉండాలి, భూమి ఒక హెక్టారు లోపు కావాలి, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. కొట్టిన చెట్టు ఆ భవనానికే దూలమవుతుందా అన్నది మాత్రం ఆ నిబంధన చెప్పదు.

నేటి మన్యంలో అడవి బయటి కలప కూడా ఉంది. కాఫీ తోటల నీడ కోసం, మిరియం తీగ పాకడానికి వేసిన సిల్వర్ ఓక్ చింతపల్లి, గూడెం కొత్తవీధి కొండల నిండా పెరిగింది. మైదానంలో సరుగుడు, నీలగిరి తోటలున్నాయి. 2017 నవంబరులో చట్టం మార్చి, అడవి బయట పెరిగే వెదురును చెట్టు నిర్వచనం నుంచి తీసేశారు. ఈ తోట కర్రలతో చట్రం కట్టాలంటే పాత పద్ధతి ఒక్కటే చాలదు. కోసిన కర్రను నీడలో బాగా ఆరనివ్వాలి; పచ్చికర్ర తర్వాత వంకరపోయి కూడళ్లు విడతాయి. గుంజను నేలలో పాతకుండా రాతి దిమ్మె మీద నిలబెడితే చెదలకు దారి అంత సులువుగా దొరకదు. పిల్లలు నోరు పెట్టే చోట విషపు మందులు పూయకూడదు. బోరాక్స్ కలిపిన నీళ్లలో నానబెట్టడం వాటికంటే మేలు, కాకపోతే ఆ కర్ర వానకు తడవకుండా చూరు వెడల్పుగా దించాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటిన తర్వాత ఈ సీమలో కప్పు గురించి మాట్లాడేవారెవరూ గాలిని మరవలేరు. వాసాన్ని దూలానికి, దూలాన్ని గుంజకు, గుంజను పునాదికి ఇనుప పట్టీలతో వరసగా బిగించాలి. ఒక్క చోట పట్టు వదిలినా కప్పు లేచిపోతుంది.

కర్రకూ పిల్లలకూ ఉన్న పాత బంధం అంగన్‌వాడీలో ఒక పనిముట్టు రూపంలో చాలాకాలం నిలిచింది. నెలనెలా పిల్లల బరువు చూడటానికి 25 కిలోల దాకా తూచే సాల్టర్ స్ప్రింగు త్రాసు ఇచ్చేవారు. దాన్ని పైనుంచి వేలాడదీయాలి. కర్ర ఇంట్లో నడిచే కేంద్రంలో దూలానికి తాడు వేసి, త్రాసు తగిలించి, గుడ్డ తొట్టెలో బిడ్డను కూర్చోబెడితే చూడటానికి అది ఉయ్యాలే. స్లాబు గదిలో దానికోసం ఫ్యాను కొక్కేన్ని వెతుక్కోవలసి వచ్చేది. 2018 మార్చి 8న పోషణ్ అభియాన్ మొదలయ్యాక నేల మీద పెట్టే డిజిటల్ త్రాసులు వచ్చాయి. వాటికి దూలంతోనూ కొక్కెంతోనూ పనిలేదు.