విద్యార్థి ఊరికి వెళ్లిన వేదాంత కళాశాల

1960ల ఆరంభంలో మధ్య అమెరికాలోని గ్వాటెమాలాలో ప్రెస్బిటేరియన్ క్రైస్తవ వేదాంత కళాశాలకు ఎదురైన చిక్కు ఇది: చదివినవారు సంఘాలలో లేరు, సంఘాలను నడిపేవారికి చదువు లేదు. రాజధానిలో వసతిగృహంలో ఉండి చదివిన యువకులలో పల్లెకు తిరిగివెళ్లి కాపరులుగా నిలిచినవారు బహు కొద్దిమంది కాగా, పల్లె సంఘాల భారం మోస్తున్నవారు సొంత చేలలోనో కూలికో కష్టపడుతూ కుటుంబాలను పోషించుకునే పెద్దవయసువారు. కళాశాలనే శాన్ ఫెలిపే అనే పల్లె ప్రాంతానికి తరలించి చూసినా, పని మానుకుని వచ్చి చదవగలిగే స్తోమత వారికి లేకపోవడంతో ఆశించిన ఫలితం రాలేదు.

అప్పుడు, 1963లో, జేమ్స్ ఎమరీ, రాల్ఫ్ వింటర్ అనే అధ్యాపకులు, తరువాత వారితో చేరిన రాస్ కిన్స్లర్ కలిసి, విద్యార్థిని కళాశాలకు రప్పించడం మాని కళాశాలనే విద్యార్థి ఉన్నచోటికి పంపే పద్ధతిని రూపొందించారు. విస్తరణ వేదాంత విద్య అని పేరుపొందిన ఈ పద్ధతిలో విద్యార్థి వారమంతా ఇంటివద్దే స్వయంబోధక పాఠాలు, అంటే గురువు పక్కన లేకుండానే నేర్చుకునేలా కూర్చిన పాఠాలు, చదువుకునేవాడు. అటువంటి పాఠంలో కొద్దిపాటి విషయం చెప్పి వెంటనే ఒక ప్రశ్న వేస్తారు. విద్యార్థి జవాబు రాసి, పుస్తకంలోనే ఇచ్చిన సరైన జవాబుతో పోల్చుకుని, తప్పును అక్కడికక్కడే దిద్దుకున్నాకనే ముందుకు సాగుతాడు. ఇక వారానికోసారి అధ్యాపకుడు ప్రయాణమై దగ్గరలోని కేంద్రానికి వచ్చేవాడు. చదివినదాన్ని, సంఘంలో తమకు ఎదురైనదాన్ని పక్కపక్కన పెట్టి అందరూ చర్చించుకునేవారు.

ఈ పద్ధతికి ప్రాణం ఆ వారపు కలయికే. అమెరికా విద్యావేత్త టెడ్ వార్డ్ ఈ విద్యను రెండు అడ్డకర్రల కంచెతో పోల్చాడు: పైకర్ర చదువు, కిందికర్ర అనుదిన సేవానుభవం, ఆ రెంటినీ పట్టి ఉంచే గుంజలు క్రమం తప్పని సమావేశాలు. వయోజనుడు తనవెంట తెచ్చుకునే అనుభవాన్ని పాఠంలో భాగంగా గుర్తించిన ఈ దృష్టి, పుస్తకాలను తపాలాలో పంపి పరీక్షలు పెట్టే ఉత్తరాల చదువులో సాధారణంగా కనిపించదు.

గ్వాటెమాలా అనుభవం లాటిన్ అమెరికా అంతటా, ఆపైన ఆఫ్రికా, ఆసియా ఖండాలకు త్వరగానే పాకింది. భారతదేశంలో 1971లో బెంగళూరు కేంద్రంగా ఇదే పేరుతో ఏర్పడిన సంస్థ, టాఫ్టీ అనే పొట్టిపేరుతో, ఉద్యోగాలు చేసుకునే సాధారణ విశ్వాసులకు వేదాంత విద్యను అందించసాగింది. వేదాంత కళాశాల గడప తొక్కే వీలు ఎన్నడూ లేని గృహిణి, గుమాస్తా, బడిపంతులు కూడా వేదాంతాన్ని క్రమపద్ధతిలో చదవవచ్చునన్న గుర్తింపు, ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికన్నా విలువైన ఫలితం.

ఇంటర్నెట్టు వచ్చాక ఈ చదువుకు దూరం అడ్డు చాలావరకు తొలగింది. అధ్యాపకుడి వారపు ప్రయాణం తగ్గింది, గల్ఫ్ దేశాలలో పనిచేసే తెలుగువారు సైతం పని ముగించుకుని రాత్రివేళ తరగతిలో కూర్చోగలుగుతున్నారు, 2020లో కోవిడ్ కాలాన వసతి కళాశాలలు సైతం తెరమీదికి మారక తప్పలేదు. అయితే వీడియో ఉపన్యాసాలను, ప్రశ్నపత్రాలను అందించి అంతటితో సరిపెట్టుకునే కోర్సు తిరిగి పాత తపాలా చదువు దగ్గరికే చేరుతుంది. పదిమంది విద్యార్థులు వారానికోసారి ఒకరి ముఖం ఒకరు చూసుకుని, తమ సంఘంలో ఆ వారం జరిగినదాన్ని పాఠంతో కలిపి మాట్లాడుకునే ఏర్పాటు ఉన్న ఆన్‌లైన్ తరగతే 1963 నాటి ప్రయోగానికి నిజమైన వారసురాలు.