కంప్యూటరు మెమొరీ అస్థిరత

కంప్యూటరు మెమొరీ అస్థిరత అనగా కంప్యూటరులోని ర్యామ్, తనలో దాచిన సమాచారాన్ని ఉన్నది ఉన్నట్లుగా తిరిగి అందించలేకపోవడం. ఒక్క బిట్టు 0 నుండి 1కి మారినా ఆట మధ్యలో ఆగిపోవచ్చు, నీలి తెర రావచ్చు, లేదా పైకి ఏమీ తెలియకుండానే ఒక ఫైలు చెడిపోవచ్చు. తక్కువ ఖర్చుతో కూర్చిన గేమింగ్ కంప్యూటర్లలో వేర్వేరు కంపెనీల మాడ్యూళ్లను కలిపి వాడడం, మెమొరీని ప్రామాణిక వేగానికి మించి నడపడం వలన ఈ సమస్యకు అవకాశం ఎక్కువ.

మెమొరీ పనిచేసే విధానం

నేటి ర్యామ్‌కు మూలమైన డైనమిక్ ర్యామ్‌ను ఐబీఎం సంస్థకు చెందిన రాబర్ట్ డెనార్డ్ 1966లో రూపొందించాడు. 1968లో దానికి పేటెంటు లభించింది. ఇందులో ఒక్కొక్క బిట్టును ఒక ట్రాన్సిస్టరు, ఒక చిన్న కెపాసిటరు భద్రపరుస్తాయి. కెపాసిటరులోని విద్యుదావేశం క్రమంగా కారిపోతుంది కనుక దానిని ఎప్పటికప్పుడు తిరిగి నింపవలసి ఉంటుంది. డీడీఆర్4 మెమొరీలో ఈ పని సాధారణంగా 64 మిల్లీసెకన్లకు ఒకసారి జరుగుతుంది. చిప్పు ఉష్ణోగ్రత 85 డిగ్రీల సెల్సియస్ దాటితే 32 మిల్లీసెకన్లకు ఒకసారి జరగాలి.

లక్షణాలు
* ఆటలు ఏ సందేశమూ లేకుండా మూసుకుపోవడం, కంప్యూటరు దానంతటదే మళ్ళీ మొదలవడం.
* ప్రతిసారీ వేరువేరు సందేశాలతో నీలి తెర రావడం.
* జిప్ ఫైళ్లు విప్పేటప్పుడు, విండోస్ స్థాపించేటప్పుడు దోషాలు చూపడం.
* ప్రత్యేక గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్లలో తెరపై గీతలు, మచ్చలు కనిపించడం. వీటిలో గ్రాఫిక్స్ భాగం కూడా ప్రధాన మెమొరీనే వాడుకుంటుంది.

ఈ లక్షణాలు ఎస్‌ఎంపీఎస్, హార్డుడిస్కు, గ్రాఫిక్స్ కార్డు లోపాల వలన కూడా కలుగుతాయి. కనుక పరీక్షించకుండా భాగాలు మార్చితే డబ్బు వృథా అయ్యే అవకాశం ఉంది.

ముఖ్య కారణాలు

డీడీఆర్4 ప్రామాణిక వోల్టేజీ 1.2 వోల్టులు. పెట్టెపై ముద్రించిన అధిక వేగం చాలా మాడ్యూళ్లలో ఎక్స్‌ఎంపీ అనే అమరికతో, తరచుగా 1.35 వోల్టుల వద్ద లభిస్తుంది. ఆ వేగాన్ని మాడ్యూలు తట్టుకున్నా, ప్రాసెసరులోని మెమొరీ కంట్రోలరు తట్టుకోలేకపోవచ్చు. మాడ్యూళ్ల సంఖ్య పెరిగే కొద్దీ కంట్రోలరుపై భారం పెరుగుతుంది. సరిగా కూర్చోని మాడ్యూలు, దుమ్ము పట్టిన స్లాటు, స్థిర విద్యుత్తు తాకిడి, నాసిరకం ఎస్‌ఎంపీఎస్ ఇతర కారణాలు.

నిర్ధారణ, సవరణ
1. ముందుగా ముఖ్యమైన ఫైళ్లను వేరొక డిస్కులో భద్రపరచాలి. వీలైతే ఈ పని వేరొక కంప్యూటరుపై చేయడం మేలు. పాత ప్రతులను తుడిచివేయరాదు. లోపమున్న మెమొరీ గుండా వెళ్ళిన నకలు కూడా చెడిపోయి ఉండవచ్చు.
2. బయోస్‌లో అన్ని అమరికలను మొదటి స్థితికి తేవాలి. దీనితో ఎక్స్‌ఎంపీ తొలగిపోతుంది.
3. మెమ్‌టెస్ట్86 లేదా మెమ్‌టెస్ట్86+ సాఫ్టువేరును పెన్‌డ్రైవులో వేసి, దానితోనే కంప్యూటరును ప్రారంభించి, కొన్ని గంటలపాటు పరీక్షించాలి. ఒక్క దోషం కనిపించినా మెమొరీ వ్యవస్థ అస్థిరమైనదే.
4. దోషాలు లేకపోతే ఎక్స్‌ఎంపీని తిరిగి పెట్టి మరల పరీక్షించాలి. అప్పుడు మాత్రమే దోషాలు వస్తే వేగాన్ని ఒక మెట్టు తగ్గించాలి, లేదా బయోస్‌ను నవీకరించి చూడాలి. కొత్త మాడ్యూలు కొనవలసిన అవసరం ఉండకపోవచ్చు.
5. మొదటి స్థితిలోనే దోషాలు ఉంటే విద్యుత్తు తీగను తీసివేసి, మాడ్యూళ్లను తీసి తిరిగి గట్టిగా అమర్చాలి. బంగారు పూత ఉన్న అంచును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవడం మంచిది. పెన్సిలు రబ్బరుతో రుద్దితే పూత అరిగిపోవచ్చు.
6. ఒక్కొక్క మాడ్యూలును ఒకే స్లాటులో విడివిడిగా పరీక్షించాలి. దోషం ఒక మాడ్యూలుతో పాటు కదిలితే లోపం ఆ మాడ్యూలుది. స్లాటును వదలకపోతే మదర్‌బోర్డు లేదా ప్రాసెసరుది.

అనంతపురం పీఠభూమి పరిస్థితులు

వర్షచ్ఛాయా ప్రాంతంలో ఉన్న అనంతపురం పీఠభూమిలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. ఇక్కడి వాతావరణం మెమొరీపై మూడు విధాలుగా ప్రభావం చూపగలదు.

మొదటిది వేడి. ఉష్ణోగ్రత పెరిగితే కెపాసిటర్ల నుండి ఆవేశం త్వరగా కారుతుంది. అయితే 40 డిగ్రీల గది వేడి చిప్పుల పరిమితి కన్నా చాలా తక్కువ. గూగుల్ సర్వర్లపై 2009లో వెలువడిన అధ్యయనంలో కూడా ఉష్ణోగ్రత ప్రభావం అనుకున్నంతగా కనిపించలేదు. కాబట్టి వేడి ఒక్కటే కారణమని తొందరపడరాదు. కాని పరిమితి అంచున అధిక వేగంతో నడిచే మెమొరీ, ఉదయం పరీక్షలో నెగ్గి మధ్యాహ్నం విఫలం కావచ్చు. అందువలన వేసవిలో పరీక్షను మధ్యాహ్నం వేళ, మామూలుగా ఆడుకునే గదిలోనే జరపడం ఉచితం.

రెండవది పొడి గాలి. గాలిలో తేమ తగ్గినప్పుడు శరీరంపై స్థిర విద్యుత్తు సులభంగా చేరుతుంది. మనకు తెలియనంత చిన్న తాకిడి కూడా చిప్పును దెబ్బతీయగలదు. మాడ్యూలును పట్టుకొనే ముందు క్యాబినెట్ లోహభాగాన్ని తాకాలి, మాడ్యూలును అంచులతోనే పట్టుకోవాలి.

మూడవది ఎర్తింగు. నేల ఎండిపోతే దాని విద్యుత్ నిరోధకత పెరిగి ఎర్తింగు బలహీనపడుతుంది. క్యాబినెట్ తాకినప్పుడు చురుక్కుమనడం దీనికి సూచన కావచ్చు. ఉప్పు, బొగ్గు వేసిన ఎర్తింగు గుంతలో వేసవి అంతా నీరు పోయడం అవసరం. చురుక్కుమంటూ ఉంటే ఎలక్ట్రీషియను చేత తనిఖీ చేయించాలి.

దోష సవరణ మెమొరీ

బెల్ ప్రయోగశాలలకు చెందిన రిచర్డ్ హామింగ్ 1950లో ప్రచురించిన దోష సవరణ సంకేతాల ఆధారంగా, సర్వర్ల మెమొరీ ఒక బిట్టు తప్పును తానే గుర్తించి సరిచేయగలదు. చవక గేమింగ్ కంప్యూటర్లలో సాధారణంగా ఈ ఏర్పాటు ఉండదు. డీడీఆర్5 చిప్పుల లోపల పరిమితమైన సవరణ ఉన్నా, చిప్పుకూ ప్రాసెసరుకూ మధ్య జరిగే తప్పులను అది పట్టుకోలేదు. ఆటల కొరకు కొన్న కంప్యూటరులోనే విద్యార్థి ప్రాజెక్టు ఫైళ్లు, కుటుంబ ఛాయాచిత్రాలు కూడా ఉండే ఇళ్లలో, మెమొరీ పరీక్ష ఆటల కన్నా ఆ ఫైళ్ల రక్షణకే ఎక్కువ అవసరం.

ఇవి కూడా చూడండి
* ర్యామ్
* మదర్‌బోర్డు
* స్థిర విద్యుత్తు
* అనంతపురం జిల్లా