సైకిలు దీపము

సైకిలు కొనుట ఒక్కసారి వ్యయము. దాని దీపమునకు మాత్రము చిరకాలము నిత్యవ్యయము తప్పలేదు. కచేరీనుండి చీకటిపడి ఇల్లు చేరు గుమాస్తాకు దీపము లేనిచో పోలీసువారి జుల్మానా, అంతకుమించి ప్రాణభయము.

తొలుత కిరసనాయిలు దీపములుండెను. గాలి విసరినను, చక్రము గోతిలో పడినను అవి ఆరిపోవుచుండెను. 1892లో కెనడావాసి థామస్ విల్సన్ విద్యుత్కొలిమిలో కాల్షియం కార్బైడును తయారుచేసెను. దానిపై నీటిచుక్కలు పడగా పుట్టు ఎసిటిలీన్ వాయువు తెల్లగా వెలుగును. కాంతి హెచ్చెను గాని, కార్బైడు కొనుటయు, మిగిలిన సున్నపుముద్దను కడుగుటయు తప్పలేదు.

పిమ్మట టైరును ఒరసికొని తిరుగు డైనమో వచ్చెను. 6 వోల్టులు, 3 వాట్లు; చమురు లేదు, సెల్లు లేదు; ఖర్చంతయు కాళ్ల సత్తువే. అయినను చౌరస్తాలో సైకిలు ఆగగానే దీపమును ఆరును. వెనుకవచ్చు లారీకి మనిషి కనబడవలసినది సరిగా అప్పుడే!

1949లో మద్రాసున టి.ఐ. సైకిల్స్, 1956లో లూధియానాలో హీరో సంస్థ స్థాపితములైన పిదప స్వదేశపు సైకిలు విరివిగా దొరకెను. దీపము కొనుట మాత్రము వచ్చే జీతమునకు వాయిదాపడుచుండెను.

నేటి ఎల్.ఇ.డి. దీపము స్వల్ప విద్యుత్తుతో వెలుగును. సెల్లుతో నడచునది సైకిలు నిలిచినను ఆరదు. కాని ముందు దీపము చూపునది త్రోవను. మనిషిని చూపునది వెనుకటి ఎఱ్ఱ దీపమును, రిఫ్లెక్టరును. వచ్చు బండి వెలుగునే తిప్పిపంపు ఆ ఎఱ్ఱబిళ్లకు చమురు వలదు, సెల్లు వలదు, వెలయు స్వల్పమే. దానిని తొలుత కొని, తక్కినవి జీతమునుబట్టి సమకూర్చుకొనుట మేలు. ఏనుగును కొని అంకుశమునకు వెనుదీయరాదు గదా!